పోయొస్త అని గీసిన రికార్డులు

నాచారంలో జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్ళి గొంతు చించుకుని అరిచే హార్డ్‌కోర్ పంక్ రికార్డులు తెచ్చుకున్న మనిషిని ఈ ఊళ్ళో బహుశా నేనొక్కదాన్నే. ఉప్పల్లో మా హాల్లో నాన్న రికార్డు ప్లేయరు ఉంది. రైల్వేలో పనిచేసినన్నాళ్ళూ ఆయన ఆదివారం పొద్దున దాని మీద భక్తి పాటలు పెట్టుకునేవాడు. ఆయన పోయాక దాని మీద నేను మొదటిసారి ఆ రికార్డుల్లో ఒకటి పెట్టిన రోజు, అమ్మ వంటింట్లోంచి అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది. "ఏవిటే అది, మిక్సీలో మేకులు వేసినట్టు?" అంది. పాట అని చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చునేలోపే పాట అయిపోయింది. "అంతేనా? దీనికా ఎండలో పడి నాచారం వెళ్ళొచ్చావు?" అని మళ్ళీ దోసె తిరగేయడానికి వెళ్ళిపోయింది.

ఆ టైలరక్క దుకాణం ఫ్యాక్టరీలకు వెళ్ళే దారిలో ఉంటుంది. కింద గదిలో ఆమె కుట్టు మిషను, పైగదిలో ఆమె తమ్ముడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నా భుజం కొలుస్తోంది. ఉన్నట్టుండి పైన ఒక మోత మొదలైంది. గోడ మేకుకు వేలాడుతున్న కత్తెర ఊగింది.

"మా తమ్ముడు," అంది అక్క, టేపు వదలకుండానే. "ఫ్యాక్టరీల లేత్ మిషన్ మీద జేస్తడు. ఇంటికొచ్చి గిట్ల నా దిమాగ్ ఖరాబ్ జేస్తడు."

నాకా మోత ఏమిటో తెలుసు. హాస్టల్లో ఉన్న రోజుల్లో పక్క మంచం అమ్మాయి ఇయర్‌ఫోన్లో ఒక చెవి నాకిచ్చేది. అట్లాంటి పాటలు అప్పుడు విన్నాను. ఎక్కడో విదేశాల్లో పుట్టిన ఆ అరుపు నాచారంలో లైనింగ్ గుడ్డల మీదుగా, అదీ తెలుగులో వినిపిస్తే ఎట్లా ఊరుకుంటాను? కొలతలు సగంలో వదిలేసి మెట్లెక్కాను.

పైన ఒక్కడే ఉన్నాడు. సన్నగా, గడ్డం కింద చెమటతో. పెళ్ళిళ్ళకూ కాలేజీ ఫంక్షన్లకూ వెళ్ళే నలుగురి బ్యాండులో అతను డ్రమ్ములు వాయించేవాడు. ఇది మాత్రం పక్కన నడుపుకునే సొంత వ్యవహారం. ముందు డ్రమ్ములు వాయించి రికార్డు చేస్తాడు, దాని మీద గిటారు, దాని మీద అరుపు. వాటర్ ట్యాంకరు రాలేదని ఒక పాట. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కదలడం లేదని ఒక పాట. అన్నీ అతనే ఎందుకని అడిగాను.

"నలుగురుంటే నలుగురి దిక్కు సూడాలె అక్కా. ఒక్కన్నే ఉంటే లొల్లి నాతోనే," అన్నాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రికార్డులు కూడా తనే కోసేవాడు. లేత్ మీద ఇనుము చెక్కి నేర్చిన పనితో పాత సామాన్లు కలిపి ఒక యంత్రం తయారు చేసుకున్నాడు. పాట మోగుతుంటే దాని సూది తిరుగుతున్న ప్లాస్టిక్ బిళ్ళ మీద గాడి కోసుకుంటూ పోతుంది. ఇంకొకటి కావాలంటే పాట మొత్తం మళ్ళీ మోగాల్సిందే. అద్దంలా అవతలి వైపు కనిపించే ఆ బిళ్ళలు మెత్తన, విన్న కొద్దీ అరుగుతాయి. ఆ సంగతి అతనే చెప్పాడు. "ఫికర్ జెయ్యకు అక్కా, అరిగితే మల్ల కోసిస్త," అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ పీడిస్తుంది.

వాటికి కవర్లు అక్క కుట్టేది. మిగిలిన లైనింగ్ ముక్కలతో, దిండు గలీబు కుట్టినట్టే. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. కుట్టు నిటారుగా, కొలబద్ద పెట్టినట్టు ఉండేది. లోపల ఏముందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ప్రతి రికార్డు మీదా, పాట గాడి అయిపోయాక మధ్యలో నున్నగా మిగిలే చోట, అతను సూదితో ఒక మాట గీసేవాడు: పోయొస్త. వెలుతురుకు పట్టి వంచితేనే కనిపిస్తుంది. ఎందుకని అడిగితే నవ్వాడు. "పాట అయిపోయినంక చెప్పకుండ పోతె మంచిగుండదు గద!"

మనవాళ్ళకు ఈ విషయంలో ఆస్తికుడూ నాస్తికుడూ అనే తేడా లేదు. మా ఇంట్లో వెళ్ళొస్తాను అంటాం, వాళ్ళింట్లో పోయొస్త అంటారు. పోతున్నా అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ సరిగ్గా చెప్పించి పంపుతారు. పోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు కనక. ఇక అతను మెట్లు దిగుతూ "పోయొస్త" అంటే కింద అక్క తలెత్తకుండా "పైలం" అనేది. జాగ్రత్త అని. అంతకు మించి ఆ ఇద్దరి మధ్యా మాటలు నేను పెద్దగా వినలేదు.

ఒక వానాకాలం సాయంత్రం వరంగల్ రోడ్డు మీద, మేడిపల్లి దగ్గర, అతని బండి జారి లారీ కిందికి వెళ్ళింది. దవాఖానాకు చేర్చేసరికే ప్రాణం లేదు.

ఆ తరవాత నాకు పట్టుకుంది రికార్డుల పిచ్చి. ఏకులా వచ్చి మేకై కూర్చుంది. అతను కోసినవన్నీ ఎవరెవరికో ఊరికే ఇచ్చేశాడు, కాలేజీ ఫంక్షన్ల దగ్గర చేతిలో పెట్టేశాడు. వాటిని అడిగి, బతిమాలి, కొన్నిసార్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి తెచ్చుకున్నాను. కాప్రాలో ఒకాయన తన రికార్డును పావురాలు రాకుండా బాల్కనీలో దారం కట్టి వేలాడదీశాడు. ఎండకు వంకర తిరిగిపోయింది. "మంచిగ మెరుస్తది మేడం, ఒక్క పావురం రాదు," అన్నాడు గర్వంగా. నాకు ఆయన్నే దారం కట్టి వేలాడదీయాలనిపించింది. అయినా నవ్వుతూ తీసుకున్నాను. వంకర తిరిగినా మధ్యలో పోయొస్త చెక్కుచెదరలేదు.

దొరికిన ప్రతిదాన్నీ అక్కకు చూపించేదాన్ని. ఆమె పాట వినదు. రికార్డును కిటికీకి పట్టి ఆ మాట ఉందో లేదో చూసి, గలీబులో పెట్టి ఇచ్చేస్తుంది. నేను వెళ్ళొస్తానంటే తల మాత్రం ఊపుతుంది. పైలం అనడం మానేసింది, నాకే కాదు, ఎవరికీ. చాలా రోజులు నేను దాన్ని గమనించలేదు. గమనించాక అడగడానికి భయపడ్డాను. ఒక మధ్యాహ్నం గుండీలు కుడుతూ ఆమే చెప్పింది.

"ఆఖరి దినం వాడు ఒక కవర్ గుట్టియ్యమన్నడు. పెండ్లిల సీజన్ చెల్లె, పని నా పానం మీదికొచ్చింది. నీ లొల్లికి నేను గలీబులు గుట్టాల్నా, నువ్వే కుట్టుకో పో అన్న. కుట్టుకున్నడు. మెట్లు దిగుకుంట ఏందో అన్నడు. పోతున్న అన్నడో, పోయొస్త అన్నడో, మిషన్ సప్పుడుల సగమే ఇనవడ్డది. నేను తలెత్తలే. పైలం అనలే."

సూదిలో కొత్త దారం ఎక్కించుకుంది.

"పోతున్న అన్నట్టే ఇనవడుతది నాకు. దినాం. గా రికార్డు మీద ఏం రాసిండో సూడాలె. పోయొస్త అని రాసుంటె, నాతోని గూడ గదే అన్నట్టు గద?"

దవాఖానాలో ఇచ్చిన అతని సంచి ఖాళీగా ఉందట. అంటే రికార్డు ఎవరికో ఇచ్చేసి తిరిగొస్తున్నాడు. అప్పటిదాకా నేను పోగేసింది నా సరదా. ఆ రోజు నుంచి ఆ ఒక్కటి దొరకకపోతే మిగతావన్నీ దండగ అనిపించింది.

వాళ్ళ పెళ్ళిళ్ళ బ్యాండులో పాడే అతను ఘట్‌కేసర్‌లో ఉంటాడు. పాట మానేసి, కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకు టైల్స్ సరఫరా చేస్తున్నాడు. మొదట్లోనే ఫోన్ చేస్తే తన దగ్గర ఏమీ లేదన్నాడు. నేను నమ్మాను. మొన్న ఎండాకాలం అతనే ఫోన్ చేశాడు. "ఇల్లు మారుతున్న అక్కా. వాని ఆఖరి రికార్డు నా తాన్నే ఉంది. ఇంట్ల వెట్టుకోలేను, పారెయ్యలేను. వచ్చి దీస్కపో."

వెళ్ళాను. బీరువా అడుగు నుంచి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. నీలం లైనింగ్ గుడ్డ, నల్ల దారం. కుట్టు తాగినవాడి నడకలా అటూ ఇటూ పోయింది. "నా తాన ప్లేయర్ లేదని వానికెరుకే. అయినా ఇచ్చి పోయిండు," అన్నాడు. నేను అక్కడే కిటికీ దగ్గరికి వెళ్ళి రికార్డు తీసి వెలుతురుకు పట్టాను.

నున్నగా ఉంది. ఏమీ రాయలేదు.

అటు వంచాను, ఇటు వంచాను. రెండో వైపు అసలు గాడే లేదు. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా బస్సులో ఆ గలీబును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మేడిపల్లి వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఆమెకు ఏం చెప్పాలి? ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని సిగ్గుమాలినది. కుట్టుపెట్టెలోంచి సూది తీశాను. అతని చేతిరాత నాకు కంఠతా వచ్చు. పో దగ్గర ఓత్వం పొడుగ్గా లాగుతాడు. మూడంటే మూడు అక్షరాలు.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. సంగతంతా ఆవిడకు తెలుసు. "పోయినవాళ్ళ సంతకం నువ్వు పెడతావుటే?" అంది. సూది పెట్టెలో పడేశాను.

ఇక చేసేదేముందని రికార్డు ప్లేయరు మీద పెట్టాను. పాట ఎప్పటిలాగే గొడ్డలితో కొట్టినట్టు మొదలై చటుక్కున ఆగింది. అమ్మ వంటింట్లోంచి కేకేసింది: "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు."

ఎవరూ రాలేదు. చివరన గాడి లోపలికి పోకుండా గుండ్రంగా తనలోకే కలిసిపోయింది. సూది ఆ ఒక్క చుట్టులోనే తిరుగుతోంది. వెనకాల కుట్టు మిషను చప్పుడు, దాని మీద దూరంగా, మెట్ల కింది నుంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు. పైలం. మళ్ళీ. పైలం. మళ్ళీ. సూది ఎత్తడానికి చెయ్యి రాలేదు. అమ్మ వచ్చి నా పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టి, ప్లేయరును దుప్పట్లో చుట్టి ఆటోలో నాచారం తీసుకెళ్ళాను. అక్క గిరాకీలను పంపించేసి షట్టరు సగం దించింది. ముందు గలీబు చేతిలోకి తీసుకుంది. వంకర కుట్టు మీద వేలు రాసింది. "కొస ముడి గూడ ఎయ్యలే," అంది. తరవాత రికార్డు కిటికీకి పట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏం రాయలే," అంది.

"వినండక్కా," అన్నాను.

పాట జరుగుతున్నంతసేపూ ఆమె నేల చూస్తూ కూర్చుంది. తమ్ముడి అరుపు ఆమె అంత దగ్గరగా విన్నది అదే మొదటిసారనుకుంటాను. పాట ఆగింది. గొంతు మొదలైంది.

"ఎవలది గా గొంతు?" అంది.

మన గొంతు మనకు బయటి నుంచి వినపడితే గుర్తుపట్టం. నాకది తెలుసు. "మీదే అక్కా," అన్నాను.

ఆమె తన మిషను వైపు చూసింది. రికార్డులోని మిషను చప్పుడు విన్నది. అప్పుడు అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"గిది గా దినంది గాదు," అంది చివరికి. "గా దినం నేను అనలే."

కాదనలేను. అది అంతకు ముందు ఏదో రోజుది. పైన మైకు ఆన్‌లో ఉండగా ఇతను కిందికి పోయొస్త అని చెప్పి ఉంటాడు, ఈమె ఎప్పటిలాగే తలెత్తకుండా పైలం అని ఉంటుంది. ఈసారి తన మాట గీయకుండా ఆమె మాటే ఎందుకు మిగిల్చాడో నాకు తెలీదు, ఎప్పటికీ తెలీదు. ఆమె అడిగిన దానికి జవాబు ఆ రికార్డులో లేదు.

"ఎక్కువసేపు తిరిగితే అరిగిపోతుందక్కా," అని సూది ఎత్తబోయాను. అది అలవాటు.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "అరగనియ్యి. దాసిపెట్టి ఏం జెయ్యాలె? ఉండనియ్యి."

ఉండనిచ్చాను. ఆమె లేచి మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు చేతి పట్టీ కుట్టసాగింది. ప్లేయరు అక్కడే వదిలేయాలని నాకప్పుడే తెలిసింది. మా నాన్నది, నాకున్నది అదొక్కటే. ఆ రికార్డు కూడా ఇక నాది కాదు. త్వరగా బయటపడాలని షట్టరు కింద వంగి, "ఇక పోతానక్కా," అనేశాను. అని నాలుక కరుచుకున్నాను.

మిషను ఆగింది. "ఇటు రా," అంది అక్క. వెనక్కి వెళ్ళాను. "కూసో." కూర్చున్నాను. బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగాను. "మంచిగ జెప్పు," అంది.

"వెళ్ళొస్తాను."

ఆమె తలెత్తి నా మొహంలోకి సూటిగా చూసింది. "పైలం," అంది.

పక్కన రికార్డు కూడా అంది. ఏది ముందు అన్నదో నాకు తెలియలేదు.