సొరపిల్లల ఆకలి

కొత్తగా ఉద్యోగం దొరికిన ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంతే గానీ, నలుగురికీ చెప్పాలన్న ఆత్రం మాత్రం కొండంత. మాది వనపర్తి దగ్గర మెట్ట పల్లె. డిగ్రీ అయ్యేదాకా సముద్రం మొహం చూడని నాకు, తీరం దగ్గరి సొరచేప పిల్లలు ఏం తింటాయో తేల్చే పరిశోధనలో సహాయకురాలి పని దొరికింది. జాలర్ల వలల్లో పడి చచ్చిపోయిన పిల్లసొరలను తెచ్చి, కడుపు కోసి, లోపల రొయ్యలున్నాయో చిన్న చేపలున్నాయో పుస్తకంలో రాయాలి. (మొదటి వారమంతా ముక్కుకు చున్నీ కట్టుకునే రాశాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.)

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, అందరూ అన్నాలు తింటుండగానే పాఠం మొదలుపెట్టాను. సొరలు పిల్లల్ని కని వదిలేసి పోతాయని, ఆ పిల్లలు లోతులేని ఒడ్డు నీళ్లలోనే తిరుగుతూ సొంతంగా వేట నేర్చుకుంటాయని, వేట కుదరని రోజు పస్తేనని, నేను కోసిన వాటిలో చాలా కడుపులు ఖాళీవేనని గొప్పగా చెప్పాను. మా అవ్వ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తల్లి లేని పిల్లలు, తిండి లేక సచ్చినయి. సచ్చినంక గూడ కడుపు కోసి, ఏం తిన్నవని అడుగుతవా? నువ్వు ఇగ ఆడికి పోవద్దు బిడ్డా," అన్నది.

అవి చచ్చింది వలలో పడి, ఆకలితో కాదని ఎంత మొత్తుకున్నా వినలేదు. నాన్న చెప్పి చూశాడు, ఆయన మాటా చెల్లలేదు. మా ఇంట్లో అవ్వ కాదన్నది జరిగిన దాఖలా లేదు. సెలవు ఇంకా రెండు రోజులే ఉంది. సర్దిన సంచీ పక్కన కూర్చుని ఏడ్చాను. చివరికి దారి కూడా అవ్వే చూపింది. బీచుపల్లికి పోయి ఆంజనేయస్వామికి మొక్కి, ఆ పిల్లల పేరున కృష్ణలో ఇంత తిండి వేసి వస్తే పంపుతానంది.

మర్నాడు తెల్లవారగానే ఏడు జొన్నరొట్టెలు చేసి మూటగట్టింది. దర్శనం అయ్యాక అవ్వ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టె తుంపి వేస్తుంటే, మెట్ల మీద ఉన్న నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సొరలు రొట్టె తినవన్నాను. సముద్రం ఇక్కడికి చాలా దూరమన్నాను. నడుమ శ్రీశైలం, దాని కింద నాగార్జునసాగర్ అని వేళ్లు మడిచి ఆనకట్టలు లెక్కపెట్టాను. పక్కన స్నానం చేస్తున్న ముసలాయన అంతా శ్రద్ధగా విని, "గేట్లు ఎత్తినప్పుడు పోతయిలే," అన్నాడు. కోర్టులో కేసు గెలిచినట్టు అవ్వ నా వైపు చూసింది. ఇంతలో ఏటి చేపలు గుంపుగా వచ్చి రొట్టె ముక్కల కోసం తోసుకుంటూ ఆమె కాళ్లను పొడవసాగాయి. ఆ చక్కిలిగింతలకు అవ్వ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. "జర నిదానంగ తినుండ్రి, అందరికి ఉన్నది," అని వాటిని గదమాయించింది. ఆమె అంతగా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు.

మూట ఖాళీ అయ్యాక, "ఇగ పో బిడ్డా. పని మీద పడి నువ్వు పస్తులుండకు," అన్నది.

ఇప్పుడు నలుగురిలో నిలబడి సొరల గురించి మాట్లాడే వయసూ, కాస్త జుట్టు నెరుపూ వచ్చాయి. అయినా చెప్పులైనా విడవకుండా మెట్ల మీద నిలబడి ఆనకట్టలు లెక్కపెడుతున్న ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. చాల్లే ఊరుకో, నీళ్లలోకి దిగి నువ్వూ రెండు ముక్కలు వెయ్యి అని చెప్పాలనిపిస్తుంది.