మా నాయన చెవిలో దూది

ఆ రోజుల్లో మా ఆదోనిలో నీడ అనేది గోడల పక్కన దొరికేది. పొద్దున ఒక గోడకు, సాయంత్రం ఎదురుగోడకు. మధ్యాహ్నం ఎవరికీ ఉండేది కాదు. ఉతికిన చీరను దండెం మీద ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా పరిచేలోపు మొదటి చెంగు ఆరిపోయే ఊరది. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నేను చదువు ముగించుకుని బెంగళూరు మల్లేశ్వరం చేరినప్పుడు, చెట్లన్నీ ముందే వచ్చి స్థలాలు పట్టేసుకుంటే మిగిలిన సందుల్లో మనుషులు ఇళ్లు కట్టుకున్నారేమో అనిపించింది. ఎర్ర పెంకుల ఇళ్లు, చెక్క కటకటాల వరండాలు, ప్రతి గేటు పక్కనా ఒక సంపెంగ చెట్టు. ఎంత అందమో చెప్పలేను. కానీ బట్టలు ఆరేవి కావు. తడి వాసన వేసే చుడీదారుతో ఆఫీసుకు పోయేదాన్ని. పెంకుల మీద ఆకు రాలినప్పుడల్లా ఎవరో వచ్చారని లేచి తలుపు తీసేదాన్ని. (ఆకులు చాలా రాలేవి. నేను చాలాసార్లు లేచేదాన్ని.)

ఆఫీసంటే పెద్దదేమీ కాదు, బడిపిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే చోటు. 'అ'కు అరటిపండు, 'ఆ'కు ఆవు. ఆ ఆవును నేను గీశానని చెప్పుకోవడానికి నాకెంత గర్వమో! ఆ పని వదిలి ఇంకో పని చెయ్యగలనని ఊహించుకుంటేనే ఏడుపొచ్చేది. ఆఫీసుకు రెండు వీధుల అవతల ఒక పాతకాలపు ఇంటి వెనక భాగంలో గది దొరికింది. ఇంటి యజమానురాలు ఒక కన్నడ పెద్దావిడ. వీధంతా ఆమెను అజ్జి అనేది, అంటే అవ్వ అని. అజ్జికి తెలుగు వచ్చు, కాకపోతే దాని మీద కన్నడం పోపు పడుతుండేది. రూల్సు మాత్రం ఏ పోపూ లేకుండా చెప్పింది. సంపెంగలు కొయ్యకూడదు, రాలినవి ఏరుకోవచ్చు. గేటు చప్పుడు చెయ్యకూడదు. ఉల్లి, వెల్లుల్లి గడప దాటి లోపలికి రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, హాల్లో ఉన్న నల్లచెక్క మంచం మీది పరుపును ముట్టుకోకూడదు. ఎప్పుడో వాళ్ల మామగారి కాలంలో ఒక దివానుగారు వచ్చి ఆ పరుపు మీద కూర్చుని మజ్జిగ తాగాడట. ఆయన లేచి వెళ్లాక దాని మీద ఇంకెవరూ కూర్చోలేదు.

చివరి రూలు నా ప్రాణం మీదికి వచ్చింది. "మీ ఇంటి పెద్దవాళ్లు ఒకసారి వచ్చి కనపడాల. మనిషిని చూస్తే ఇల్లు ఎట్లాంటిదో గొత్తాయితుంది. ఉగాది లోపల రాలేదంటే గది ఖాళీ మాడు" అంది. అక్కడ ఆదోనిలో మా నాయన మాటా దాదాపు అదే. "నేనొచ్చి సూస్తాను. ఇల్లు నచ్చితే ఉంటావు. లేదంటే అదే రైలుకు ఎక్కించుకోని వస్తాను" అన్నాడు. ఎమ్మిగనూరులో ఒక బడిలో డ్రాయింగు టీచరు పనికి అప్పుడే మాట కూడా వేసి పెట్టాడు. అంటే ఒకే రోజున ఆమె ఆయనను చూసి నా సంగతి తేలుస్తుంది, ఆయన ఆమె ఇంటిని చూసి నా సంగతి తేలుస్తాడు. మధ్యలో నేను, నా ఆవు.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయనది ఆదోని మార్కెట్లో పత్తి దలాలీ. రైతుకూ వ్యాపారికీ మధ్య నిలబడి సరుకు ఎలాంటిదో చెప్పే పని. బోరెంలోంచి, అంటే పత్తి గోనెలోంచి, చిటికెడు దూది లాగుతాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి చీలుస్తాడు, ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ చీలుస్తాడు, పోగు పొడవు తేలేదాకా అంతే. ఆ తర్వాత వెలుతురులోకి తీసుకుపోయి రంగు చూస్తాడు. చీకట్లో చూసిన దూదికి మాట ఇవ్వడు, ఆయన పట్టుదల అది. ఏళ్ల తరబడి చేసీ చేసీ ఆ వేళ్లకు అదొక జబ్బయింది. ఎక్కడ తెల్లగా కనపడితే అక్కడ లాగుతాయి. ఆసుపత్రిలో కాంపౌండరు సూది వెయ్యబోతే ఆయన చేతిలో దూది లాక్కుని పోగు చూశాడు. మా చిన్నత్త సంబంధం మాట్లాడటానికి పోయి పెళ్లికొడుకువాళ్ల బొంతలోంచి లాగి, "ఇది దూది కాదప్పా, మిల్లు చెత్త" అన్నాడు. (ఆ సంబంధం ఏమైందో మీరు ఊహించుకోవచ్చు.) అందుకే ఆయన బయల్దేరిన పూట అమ్మ ఫోన్ చేసింది. అజ్జి హాల్లోనే ఉండేది ఫోను. "పాపా, మీ నాయన సేతులు జాగర్త" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను రిసీవరు పట్టుకునే తల తిప్పి చూశాను. దివానుగారి పరుపు కుట్టు ఒకచోట విడిపోయి, పిల్లిమీసం అంత దూది బయటికి వచ్చి ఉంది. అన్ని రోజులూ ఆ హాల్లో తిరిగాను, అంతకుముందు ఒక్కసారీ నా కంటపడలేదు.

మరుసటి రోజు పొద్దున్నే నాయన వచ్చాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. గేటు దగ్గరే ఆగి పైకి చూశాడు. "ఈడ ఎండ యాడుండాది పాపా? ఎండ తగలకపోతే మనిషి ఎట్ల బతుకుతాది?" అన్నాడు. లోపల అజ్జి పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. "బన్ని, బన్ని, కూచోండి" అంది మర్యాదగా, కళ్లతో ఆయన్ని తల నుంచి కాలిదాకా చదువుతూ. నాయన సరిగ్గా పరుపు పక్కనున్న కుర్చీలోనే కూర్చున్నాడు. హాలు నిండా కుర్చీలున్నాయి. ఆయనకు అదే దొరికింది.

నేను వెంటనే ఆయన చేతికి పేపరు ఇచ్చాను. కన్నడ పేపరు. మావాళ్లకు బళ్లారి, రాయచూరు వ్యాపారం ఉండబట్టి కన్నడం నీళ్లప్రాయం. నిమిషంలో తిప్పేసి పక్కన పెట్టాడు. కమలాపండు ఇచ్చాను. తొక్క తీసి, తినేసి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ వేళ్లు ఖాళీ అయ్యాయి. మెల్లగా మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. నాయన కళ్లు గోడమీది ఫొటోల మీదున్నాయి, వేళ్లు మాత్రం వాటి దారిన అవి పరుపు వైపు జరుగుతున్నాయి. నేను దగ్గాను. వేళ్లు ఆగాయి. అజ్జి "ప్రయాణం బాగా అయిందా?" అని అడిగింది. "బాగైందమ్మా" అన్నాడు. వేళ్లు మళ్లీ కదిలాయి. నేను లేచి కుర్చీకీ పరుపుకీ మధ్య గోడలాగా నిలబడ్డాను. "ఏం పాపా, కూచోరాదా?" అంది అజ్జి. "కాళ్లు తిమ్మిరి పట్టాయి అజ్జీ" అన్నాను. చెమట పట్టేసింది. ఎండే రాని ఆ ఇంట్లో నాకు చెమట పట్టడం అదే మొదలు.

ఇంతలో అజ్జి కాఫీ చూడ్డానికి లోపలికి వెళ్లింది. వంటక్క నన్ను లోటాలు తుడవమని కేకేసింది. నేను అటు వెళ్లి ఇటు వచ్చేసరికి కుర్చీ ఖాళీ. పిల్లిమీసం లేదు. దాని బదులు కుట్టు దగ్గర బొటనవేలు పట్టేంత చిల్లు ఉంది. హాల్లో వెలుతురు చాల్లేదు కదా, మా నాయన దూది పట్టుకుని వరండాలోకి నడిచాడు. అక్కడ ఆకాశం వైపు చేతులెత్తి, రెండు బొటనవేళ్ల మధ్య దివానుగారి దూది చీలుస్తూ, లోకం మర్చిపోయి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పక్క తలుపులోంచి అజ్జి కాఫీ లోటా పట్టుకుని ఆయన ఎదుటికి వచ్చింది.

నాయన కుడిచేతిలో దూది ఉంది. పెద్దావిడ ఇచ్చే కాఫీని ఎడమచేత్తో ఎలా తీసుకుంటాడు? (జేబులో వేసుకోవచ్చు కదా అంటారు మీరు. నేనూ తర్వాత అదే అడిగాను. "జేబులో ఏస్కుంటే దొంగతనమయితాది పాపా. దలాలీ సేసేవాడు సరుకు జేబులో ఏసుకోడు" అన్నాడు.) ఆయన చెయ్యి గాల్లో ఒక్క క్షణం తడబడింది. తర్వాత సూటిగా పైకి పోయి దూదిని కుడిచెవిలో కుక్కేసి, కిందికి దిగి, ఎంతో వినయంగా కాఫీ అందుకుంది.

అజ్జి ఆ చెవి వైపు చూసింది. నా వైపు చూసింది. "ఏం పాపా, మీ నాయనకు చెవి వినపడేదిల్లవా?" అని అడిగింది. నేను నిజం చెబితే గది పోతుంది. "అవునజ్జీ, వినపడదు. నొప్పి కూడా" అన్నాను. నాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. యాభై ఏళ్లు దాటని మనిషిని క్షణంలో చెవిటివాణ్ని చేసేశాను. అయినా ఆయనది దలాలీ కదా, బేరం ఎటు పోతుందో ఇట్టే పట్టేశాడు. చెయ్యి చెవికి ఆనించి "ఆఁ?" అన్నాడు.

అజ్జి మెత్తబడిపోయింది. చెవినొప్పికి వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వెయ్యాలంది. ఆ ఇంట్లో వెల్లుల్లి ఉండదు కదా, నన్ను వీధి చివరి అంగడికి తరిమింది. నేను పరిగెత్తాను. నేను లేనప్పుడు ఆయన వేళ్లు ఇంకా ఏం లాగుతాయోనన్నదే నా భయం. తిరిగొచ్చేసరికి అజ్జీ, వంటక్కా వరండా మెట్ల మీద కూర్చుని కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. నాయన పక్కనే కుర్చీలో కదలకుండా ఉన్నాడు. చేతులు ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి. ఆయన కళ్లనిండా నీళ్లు. "చూడు, పాపం, నొప్పి ఎంత జాస్తి ఉందో" అంది అజ్జి. పెరట్లో రాళ్లపొయ్యి మీద నూనె కాచి, ఏ నొప్పీ లేని ఆ చెవిలోంచి దూది తీసి పారేసి, గోరువెచ్చగా పోసింది. నాయన పళ్లబిగువున భరించాడు. సాయంత్రం గేటు దగ్గర అజ్జి ఆయన చెవిలో వీధి దద్దరిల్లేలా అరిచింది. "మీ అమ్మాయి! ఇక్కడే! ఉండనీ!" నాయన "ఆఁ?" అన్నాడు. ఆమె మళ్లీ అరిచింది. ఆయన మళ్లీ "ఆఁ?" అన్నాడు. ఆ మాట అన్నిసార్లు చెప్పించుకోవడం ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అజ్జి సరే అంది. ఇంక నాయన మాట మిగిలింది. స్టేషన్ దాకా ఆయన నోరు విప్పలేదు. ఆటోలో ఒకే సీట్లో కూర్చుని నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. ఎమ్మిగనూరు బడి, నల్లబల్ల, సుద్దముక్క అన్నీ కళ్లముందు కనిపించాయి. రైలు ఎక్కి, కిటికీ దగ్గర సర్దుకుని, అప్పుడు చెప్పాడు. "పరుపులో దూది మంచిది పాపా. ఉండు."

ఇల్లు కాదు, వీధి కాదు, దూది చూసి ఒప్పుకున్న తండ్రి! ఈ కథను నేను ఎన్ని పెళ్లిళ్లలో చెప్పి నవ్వించానో లెక్కలేదు. మల్లేశ్వరంలో ఆరేళ్లున్నాను. చాలా ఆవుల్ని గీశాను. పెళ్లయ్యాక నాకు రాసిపెట్టిన ఎమ్మిగనూరే వచ్చాను. ఇప్పటికీ ఇక్కడే ఇంట్లో కూర్చుని పుస్తకాలకు బొమ్మలు గీస్తాను.

మొన్నామధ్య మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఏదో పాత పేటలో, చెట్లున్న వీధిలో గది చూసుకున్నానంది. "నేనొచ్చి చూస్తాను. నచ్చకపోతే అదే బస్సుకు తీసుకొచ్చేస్తాను" అన్నాను. అప్పటికి నాయన మా ఇంట్లోనే ఉన్నాడు, చూసిపోదామని ఆదోని నుంచి వచ్చి. ఇప్పుడు ఆయనకు నిజంగానే వినపడదు, చెవికి మిషను పెట్టుకుంటాడు. ఆ మాట మాత్రం ఎలా వినపడిందో, పడక మీదనే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు నువ్వు ఎల్లుల్లికి పోయినప్పుడు అజ్జి ఏమనిందో తెలుసునా?" అన్నాడు. "నాకు వినపడదనుకోని వంటామెకు సెప్పింది. ఈ పిల్ల రోజూ ఫోన్లో బాగుండానని సెప్పి, ఫోను పెట్టేసి, సంపెంగ సెట్టు కింద కూసోని ఏడుస్తాది. ఏడ్సి, మొగం కడుక్కోని, మళ్లా బొమ్మ గీసుకుంటాది. ఇట్లాంటి పిల్లను ఎనక్కి తీస్కపోతే అది ఇంక యాడా నిలబడదు. నేను సూసుకుంటాను, వదిలిపెట్టి పొమ్మని సెప్పాలనుండాది, ఈ సెవిటాయనకు ఎట్ల సెప్పేదో ఏమో అనింది. నేను ఏమని సెప్పేది పాపా? నోరు తెరిస్తే నీ గది పోతాది."

ఏడ్చేదాన్ని, నిజమే. ఎవరూ చూడలేదనుకున్నాను. ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. నాయన వెళ్లిన మరుసటి రోజు అజ్జి సూదీ దారం పట్టుకుని పరుపు చిల్లు కుడుతూ, "మీ నాయన చెవి హ్యాగుంది?" అని అడిగి, తల ఎత్తకుండా నవ్వింది. ఆ చెవిలో దూది ఎక్కడిదో ఆమెకు ముందే తెలుసేమో. తెలిసే అలా మాట్లాడిందేమో. అడుగుదామంటే అజ్జి ఎప్పుడో పోయింది.

నాయన తలకింది దిండును ముందుకు లాక్కున్నాడు. కుట్టు విప్పి చిటికెడు దూది తీశాడు. వేళ్లు వాటంతట అవే రెండుసార్లు చీల్చి చూశాయి. మెల్లగా లేచి గడప దగ్గరి ఎండలోకి తీసుకుపోయి రంగు చూసి, తిరిగొచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"హైదరాబాదుకు పోతాండావు గదా, ఇది సెవిలో పెట్టుకోని పో. అప్పుడే నిజం వినపడతాది."

బాగుందని ఫోన్లో రోజూ చెబుతోంది మా అమ్మాయి. నా బస్సు రేపు పొద్దున. దూది హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. జేబులో పెట్టుకుంటే దొంగతనమవుతుంది కదా.