గడియకి మూడు కన్నాలు

మా వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. మొగుడు వడ్రంగి. తలుపు నిలబెట్టేటప్పుడు, బీరువా ఎత్తేటప్పుడు, కిటికీ రెక్క బిగించేటప్పుడు అతని నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "పట్టుకో." ఆమె పట్టుకునేది. పాతికేళ్ళు పట్టుకుంది. విని విని వీధి పిల్లలు ఆమెనే పట్టుకో అన్నారు, తర్వాత పెద్దవాళ్ళూ అన్నారు, చివరికి కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా "పట్టుకోగారి ఇల్లు ఏదండీ" అని మా గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆమెకి కోపం వచ్చేది కాదు. రెండు చేతుల్లో తలుపు ఉన్న మనిషికి కోపం తెచ్చుకునే తీరికేది?

మనిషి పొట్టి. మోచేతులు మాత్రం గట్టివి. ఎడమకాలి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా కమిలి ఉంటుంది. దానికి కారణం వాళ్ళ పని పద్ధతి. తలుపు బిగించేటప్పుడు చిన్న దిమ్మ మీద పొడుగు చెక్క ఒకటి పెట్టి, దాని కొస తలుపు కిందికి దూర్చి, రెండో కొసని ఆమె పాదంతో తొక్కేది. తలుపు పైకి లేచేది. అతను పైనుంచి "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం, "చాలు" అంటే చాలు. వెంట్రుకవాసి అంటే వెంట్రుకవాసే. ఆ పాదానికి ఎన్ని తలుపుల బరువు తెలుసో లెక్క లేదు. పేరు మాత్రం అతనిది. ఫలానా మేస్త్రి తలుపు అన్నారు గానీ ఫలానా పాదం తలుపు అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అతను పోయి ఎనిమిది నెలలైంది. జ్వరం అన్నారు, ఆస్పత్రి అన్నారు, పది రోజుల్లో అయిపోయింది. పనిముట్ల సంచి మిగిలింది. అందులో రెండు చిత్రికలు, ఐదు ఉలులు, రంపం, సుత్తి, స్క్రూడ్రైవర్, స్క్రూలు పోసిన రేకు డబ్బా.

ఆమె మరిదీ వడ్రంగే. రెండు వీధుల అవతల ఉంటాడు. వచ్చి చెప్పాడు, "వదినా, ఇనుము వాడకపోతే తుప్పు పడుతుంది. సంచి నాకిచ్చెయ్. నువ్వూ మా ఇంటికొచ్చెయ్. వంటింట్లో మా ఆవిడకి సాయంగా ఉంటావు." మంచివాడే. మంచివాళ్ళు ఇలాగే మాట్లాడతారు.

ఆమె వెంటనే కాదనలేదు. "ఒక్క తలుపు నన్ను సొంతంగా చెయ్యనీ. అది కుదరకపోతే సంచి నీది, నేను నీ వంటింటిదాన్ని," అంది. అతను నవ్వాడు. వచ్చే ఆదివారం సంచి కోసం వస్తానన్నాడు. ఇంతకీ ఎవరి తలుపు అని మాత్రం అడగలేదు. ఎవరూ ఇవ్వరని అతనికి తెలుసు.

ఎవరూ ఇవ్వలేదు కూడా. మా వీధిలో ఐదిళ్ళు తిరిగింది. అందరూ ఒకటే అడిగారు, "వెంట మగమనిషి ఎవరైనా వస్తారా?" ఐదో ఇల్లు మాది. నేనూ అదే అడిగాను. దాచుకోవడం ఎందుకు.

ఇక మా వీధి తలుపు సంగతి. పదకొండేళ్ళ కింద ఆమె మొగుడే పెట్టాడు. అప్పట్లో చిటికెనవేలితో తోస్తే పడేది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, పనితనమంటే ఇదీ అని చెప్పేదాన్ని. నాలుగేళ్ళ కింద మెల్లగా కిందికి వాలింది. గడియ దాని కన్నంలోకి వెళ్ళడం మానేసింది. మా వాడు ఆఫీసులో పెద్ద ఉద్యోగమే చేస్తాడు గానీ చేతిలోకి సుత్తి వస్తే చిన్నపిల్లాడు. పాత కన్నానికి కింద ఇంకో కన్నం తొలిచాడు. ఆ మరుసటి వానాకాలం తలుపు ఇంకా వాలింది. మూడో కన్నం తొలిచాడు. "ఇలాగే పోతే ఇంకో రెండేళ్ళకి గడియ గడపలో పెట్టుకోవాలిరా," అన్నాను. మా కోడలు నవ్వింది. వాడు నవ్వలేదు.

పోయినేడు ఈ మరిదినే పిలిచాం. మడతబందుల్లోని ఇనప సీలలు లాగి తలుపు దించి, గడపకి రాసుకుంటున్న కింది అంచుని వేలెడు మేర చిత్రిక పట్టి, మళ్ళీ ఎక్కించి సీలలు దిగ్గొట్టి వెళ్ళాడు. రెండు నెలలు బాగుంది. మూడో నెల మళ్ళీ మొదలు. అప్పటికి మా ఇంట్లో అందరికీ ఒక విద్య వచ్చేసింది. పిడి పట్టుకుని పైకి గుంజి, మోకాలితో ఒక పోటు పొడిస్తే తలుపు పడుతుంది. చుట్టాలొస్తే ముందు తలుపు వెయ్యడం నేర్పి, తర్వాతే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళం.

శుక్రవారం పొద్దున మా వాడూ కోడలూ ఆఫీసులకి పోయారు. నేను తలుపు వేసుకున్నాను. కాసేపటికి తీద్దామంటే రాలేదు. పై మూల ద్వారబంధాన్ని కరిచి పట్టుకుంది. పెరటి వైపు గోడే గానీ దారి లేదు. కిటికీ దగ్గర నిలబడి ఎవరు పోతారా అని చూస్తే, పోయింది పట్టుకో. పిలవడానికి నాకేం సిగ్గు లేదు, కొంచెం ఆలస్యంగా పిలిచానంతే.

ఆమె తలుపుని తోస్తుందనుకున్నాను. తొయ్యలేదు. కిటికీలోంచే చెప్పింది, "పెద్దమ్మా, ఇనప గరిటె ఉందా? దాని కాడ తలుపు కిందికి దూర్చు. మూలకి కాదు, బెత్తెడు ఇవతలికి. కాడ కింద చెక్కముక్క పెట్టు. ఇప్పుడు గరిటె మీద కాలేసి తొక్కు."

"గరిటె వంగిపోతుందే."

"గరిటె వంగనీ. నువ్వు లోపల ఉండిపోతావా?"

తొక్కాను. గరిటె వంగింది, తలుపు లేచింది, ఆమె బయటినుంచి అరచేత్తో తోసింది. ఆ గరిటె ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఆమె తలుపుని అటూ ఇటూ ఊపి చూసింది. "రెక్క బాగానే ఉంది. వేలాడుతోంది అంతే. ఈ పని నాకివ్వు పెద్దమ్మా. ఆదివారం లోపల నాకొక తలుపు కావాలి," అని మరిదితో జరిగిన మాట చెప్పింది. ఏడుస్తూ కాదు, అంగడికి పోయి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

"ఎవరు పట్టుకుంటారు?" అన్నాను.

"ఇందాక ఎవరు తొక్కారు?" అంది.

ఆదివారం మా వాడూ కోడలూ పెళ్ళికని ఊరెళ్ళారు. ఆమె పొద్దున్నే వచ్చింది. వెంటనే సంచి విప్పలేదు. పాత నోటుపుస్తకం అట్ట చింపి, తలుపు మూసి, సందు పొడుగునా ఆ ముక్క దూర్చుకుంటూ వచ్చింది. బందుల వైపు పైభాగంలో అట్ట మూడు మడతలు పట్టింది, కింద ఒక్కటీ పట్టలేదు. గడియ వైపు పైన అసలు దూరలేదు. "పై బందు వదిలేసింది," అని తలుపు తెరిచి, పీట ఎక్కి, పై మడతబందు స్క్రూకి స్క్రూడ్రైవర్ పెట్టింది. తిప్పే పని లేకుండా స్క్రూ చేతిలోకొచ్చింది. రెండోదీ అంతే. వాటిని అరచేతిలో పెట్టుకుని పీట దిగి గడప మీద కూర్చుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు."

ఏం లేకపోతే మనిషి అంతసేపు రెండు స్క్రూలు చూస్తూ కూర్చోదు. నేనూ చూశాను. నా చిటికెనవేలి గోరంత ఉన్నాయి.

అప్పుడే మరిది వచ్చాడు. ఆమె ఇంటికి వెళ్తే ఇక్కడుందని పక్కవాళ్ళు చెప్పారట. చేతులు వెనక్కి కట్టుకుని తలుపు చూశాడు. "పెద్దమ్మగారూ, ఇది చెక్క తప్పు. వానకి ఉబ్బుతుంది, ఎండకి ఎండుతుంది. మా అన్నయ్య పనిలో వంక ఉండదు," అన్నాడు.

ఆమె ఊరుకుంటే సరిపోయేది. ఆ స్క్రూలు కొంగున ముడేసుకుని, అవును వానే అని ఉంటే నాకు తెలిసేదా?

"ఉంది వంక," అంది. "ఆ రోజు పొడుగు స్క్రూలు కింది రెండు బందులకే సరిపోయాయి. పై బందుకి ఈ పొట్టివి డబ్బాలోంచి ఏరి ఇచ్చింది నేనే. రేపొచ్చి మారుస్తానన్నాడు. రేపు ఇంకో ఇంట్లో పని పడింది. నేనూ గుర్తు చెయ్యలేదు. తలుపు బరువంతా పై బందే మొయ్యాలి. ఇవి ఏడేళ్ళు మోశాయంటే అదే ఎక్కువ."

మరిది గొంతు తగ్గించాడు. "వదినా, పోయిన మనిషి మీద..."

"మనిషి మీద కాదు, స్క్రూ మీద చెప్తున్నా."

"ఆయన పేరు చూసే కదా రేపు నీకెవరైనా పనివ్వాలి. అది నువ్వే చెడగొట్టుకుంటే ఎలా?"

"ఆయన పేరు తెలిసీ ఐదిళ్ళవాళ్ళు ఇవ్వలేదు," అంది.

ఆ ఐదిళ్ళలో ఒకదాని గడప మీదే కూర్చుని అందా మాట. పదకొండేళ్ళు నేను ఆ పనితనాన్ని వచ్చినవాళ్ళకల్లా చెప్పాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. అందుకని లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చాను.

టీ తాగాక పని మొదలైంది. పై బందుకి మిగిలిన రెండు పొట్టి స్క్రూలూ ఊడదీసింది. వదులైపోయిన పాత కన్నాల్లోకి చెక్క చీలికలు జిగురు పూసి దిగ్గొట్టింది. పైకి మిగిలినవి ఉలితో చెక్కేసింది. డబ్బాలోంచి నా వేలంత స్క్రూలు తీసింది. దిమ్మ పెట్టి, పొడుగు చెక్క దూర్చింది. మరిది ముందుకొచ్చాడు, "నేను తొక్కుతాను వదినా."

"నువ్వు కూర్చో. నీ కాలు పడితే నీ పని అంటారు." నా వైపు తిరిగింది. "పట్టుకో పెద్దమ్మా."

పట్టుకున్నాను. ఈ వయసులో, నా ఇంటి గుమ్మంలో, వీధి జనం పోతూ చూస్తుండగా.

"కొంచెం తొక్కు. ఇంకొంచెం. చాలు చాలు, తలుపు ఎత్తమన్నాను, ఇల్లు కాదు. దించు. ఆఁ, అక్కడే. ఊపిరి పీల్చుకోవచ్చులే."

"నోరు తగ్గించవే, నీ మొగుడు నీతో ఇన్ని మాటలన్నాడా?"

"ఆయనకి ఒక్క మాట చాలు. నేను అప్పటికే తొక్కేదాన్ని."

నాలుగు స్క్రూలు బిగించింది. నన్ను వదలమంది. తలుపు తోసింది. నున్నగా వెళ్ళి ద్వారబంధంలో కూర్చుంది, ఎక్కడా రాసుకోలేదు. కానీ కింద వేలెడు సందు. వీధిలోని ఎండ గడప మీదుగా చాపంత వెడల్పున ఇంట్లో పడింది.

మరిది లేచి వంగి చూశాడు. "ఇదేంటి వదినా? పిల్లి దూరేలా ఉంది." సంచి వైపు చూశాడు. నేనూ చూశాను. ఒప్పందం ఒప్పందమే, తలుపు కుదరకపోతే సంచి అతనిది. పిల్లి దూరే తలుపుని కుదిరిందని నేనూ అనలేను.

ఆమె తొందరపడలేదు. "పోయినేడు ఈ కింది అంచుకి చిత్రిక పట్టిందెవరు?"

అతను కింది అంచుని వేలితో తడిమాడు.

"వాలిపోయిన తలుపుని చూసి పొడుగెక్కువైందనుకున్నావు. పైన ఒక్క స్క్రూ తిప్పి చూడలేదు. ఇప్పుడు నిటారుగా నిలబెడితే దాని కాళ్ళు పొట్టి."

"అన్నయ్య బిగించిన బందు కదా, అందులో చూసేదేముందిలే అనుకున్నాను," అన్నాడు. అబద్ధం కాదు. మేమందరం అలాగే అనుకున్నాం.

ఆమె మా పెరట్లో పడున్న విరిగిన అలమర చెక్క తెచ్చి, సందుకి సరిపడా పట్టీ కోసింది. సంచిలోంచి పెద్ద చిత్రిక తీసి మరిది చేతిలో పెట్టింది. "ఇది నున్నగా పట్టు. నీకు చెయ్యి తిరిగిన పని. పనయ్యాక చిత్రిక సంచిలో పెట్టెయ్."

అతను పట్టీని చిత్రిక పట్టాడు. బాగా పట్టాడు, పని వచ్చినవాడే. పొట్టు దులిపి, చిత్రికని గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టాడు. అంతకుమించి ఆ సంచి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమె పట్టీని తలుపు కింది అంచుకి బిగించింది. ఎండ ఆగింది.

అప్పుడు గడియ వేసింది. మా వాడు తొలిచిన రెండు కన్నాల పైన, నాలుగేళ్ళుగా సాలెగూడు పట్టి ఉన్న మొదటి కన్నంలోకి గడియ వెళ్ళి కూర్చుంది.

"మిగతా రెండూ పూడ్చనా?" అని అడిగింది.

"వద్దు. మా వాడి చేతిపని అదొక్కటే ఇంట్లో," అన్నాను.

మరిది వట్టి చేతులతో వెళ్ళాడు. ఆమె సంచి భుజానికేసుకుని ఇంకో వైపు వెళ్ళింది. తర్వాత అతను పొడుగు ఉలి అడిగితే ఇచ్చిందట, సాయంత్రానికి తెచ్చివ్వమని.

మా ఇంట్లో వాళ్ళకి పాత విద్య ఇంకా పోలేదు. పిడి పైకి గుంజి మోకాలితో పొడుస్తారు, తలుపు ధడాలుమంటుంది. నేనూ పొడుస్తాను. మొన్న అటు పోతూ విని, "ఎత్తకు పెద్దమ్మా, స్క్రూలు నొచ్చుకుంటాయి," అని కేకేసి పోయింది.

ఆ ధడాలు విని ఎదురింటావిడ వచ్చింది. ఆమె పడకగది తలుపు కూడా వాలింది. ఆ ఐదిళ్ళలో ఆమెది మూడోది. పట్టుకో పని ఎలా చేసిందని అడిగితే, గడియ వేసి చూసుకోమన్నాను. మూడుసార్లు వేసి తీసింది.

"మరి వెంట ఎవరు వస్తారు? ఎవరు పట్టుకుంటారు?" అంది.

"నువ్వే," అన్నాను. "చెప్పులేసుకుని తొక్కకు, జారుతుంది."