బ్రష్‌కు తలంటు

రంగు వేయడం కష్టమని అందరూ అనుకుంటారు. వేయడంలో ఏముంది? చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. పని ముగిసి, నడుము పట్టేసి, ఇక ఇంటికి పోదాం అనుకునే వేళకు బ్రష్‌లు కడగాలి చూడండి, అక్కడ ప్రాణం విసుగెత్తిపోతుంది. గోడల రంగు నీళ్ళతో వదులుతుంది. తలుపులకూ గ్రిల్లులకూ వేసే ఆయిల్ పెయింట్ అట్లా వదలదు. ఆ పూటకు బద్ధకించామా, తెల్లారేసరికి బ్రష్ కట్టెలా బిగుసుకుంటుంది.

ఈ మధ్య నాకు పని ఎక్కువగా వర్లి టవర్లలో, డబ్బున్నవాళ్ళ ఫ్లాట్లలో దొరుకుతోంది. అక్కడి సింకులో బ్రష్ ముంచితే ఇంటివాళ్ళు ఊరుకోరు. కింద తోట నల్లా దగ్గర కూర్చుంటే వాచ్‌మన్ ఊరుకోడు. వాళ్ళకు తలుపు నిగనిగలాడాలి, వాసన మాత్రం మా వెంట వెళ్ళిపోవాలి. అందుకని తడి బ్రష్‌లను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని బస్సెక్కుతాను. బస్సు ఎంత నిండినా నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. అలిసిపోయినవాడికి అదొక సుఖం అనుకోండి.

ఇల్లంటే కామాటిపురాలో, అంతస్తుకు వరసగా గదులుండే పాత చాల్‌లో ఒక ఖోలీ. ఒకటే గది. వంట, పడక, మూలన నీళ్ళు పోసుకునే మోరీ, అన్నీ అందులోనే. నా బ్రష్‌ల స్నానం కూడా ఆ మోరీలోనే. రేషన్‌లో కిరోసిన్ ఇచ్చిన రోజుల్లో దానితో కడిగేవాణ్ణి. అది ఆగిపోయాక టర్పెంటైన్ పట్టాను. అదీ భారమై, ఫోరస్ రోడ్ దుకాణంలో డబ్బాలోంచి సీసాలోకి పోసి అమ్మే చవక థిన్నర్‌కు దిగాను. ఎంత చవకో అంత ఘాటు. వాడినదాన్ని పారబోయను కూడా. సీసాలో పోసి కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగి, పైన తేటగా తేరినది మళ్ళీ పనికొస్తుంది. అట్లా మా మంచం కింద ఎప్పుడూ సీసాలు ఉండేవి.

నా భార్యకు కొన్నాళ్ళుగా ఆయాసం. వానాకాలం కిటికీ మూసి ఉంటుంది కాబట్టి మరీ ఎక్కువ. ఈ ఏడు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇంట్లో ఏమన్నా ఘాటు వాసన ఉంటుందా అని అడిగింది. నా భార్య నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే నాకు గుచ్చుకుంది. ఆ వాసన ఇంట్లోంచి పోతే తప్ప ఏ మందూ పనిచేయదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

సీసాలు గ్యాలరీలో పెట్టాను. గ్యాలరీ అంటే మా అంతస్తులో ఖోలీలన్నిటి ముందూ సాగే వరండా. చుట్టుపక్కలవాళ్ళు లబోదిబోమన్నారు. వాళ్ళకూ ముక్కులున్నాయి కదా, అక్కణ్ణుంచీ తీసేశాను. ఇక దారి లేదనుకున్నప్పుడు నా భార్యే మిరపకాయ బజ్జీలు వేయించగా మిగిలిన నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"గీ నూనెల ముంచి సూడు. నీ చేతులకంటిన రంగు నూనె రాస్తెనే గద పోయేది. బ్రష్‌ది ఎందుకు పోదు?"

నూనెలో ముంచి వేళ్ళతో పిసికాను. రంగు కారింది. గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, మళ్ళీ పిసికి, ఆ తర్వాత బట్టల సబ్బు, వేడినీళ్ళు. జిడ్డు చుక్క మిగలకుండా రుద్దీ రుద్దీ వేళ్ళు నానిపోయాయి. థిన్నర్‌తో చిటికెలో అయ్యే పని. అయినా గదిలో బజ్జీల వాసన తప్ప మరేమీ లేదు. ఇప్పుడు ఆయాసం ఎట్లుంది అని అడిగితే బాగుందన్నది. నేను నమ్మాను. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా అనిపించింది.

మా గల్లీ చివర, పనికోసం ఇక్కడికి వలసొచ్చిన మా తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న పోచమ్మ గుడి ఉంది. బోనాలకు ముందు దాని గేటుకు రంగు వేయడం మా ఇంటి వంతు. మా తాత వేశాడు, నాన్న వేశాడు, నేను వేస్తున్నాను. ఈసారి ఆ రంగు మొదలుపెట్టే ముందురోజు సాయంత్రం టవర్ నుంచి వచ్చి, గోడకు ఆనుకుని అట్లాగే కునికాను. లేచి చూస్తే బ్రష్‌లన్నీ కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. పిడులకు పసుపు, కుంకుమ బొట్లు. కుచ్చులు పాత దువ్వెనతో దువ్వి ఉన్నాయి, నిగనిగా మెరుస్తున్నాయి.

"అమ్మ పనాయె. అందుకే తలంటు పోసిన. ఆరినంక మల్ల జెర్ర నూనె రాసిన, మెత్తగుంటయని" అంది నవ్వుతూ.

నాకూ నవ్వొచ్చింది. గుడ్డతో ఒకసారి తుడిచి, పొద్దున్నే గేటుకు ఎర్ర రంగు మొదలుపెట్టాను. మర్నాటికి ఆరలేదు. ఆ మర్నాటికీ జిగటగానే ఉంది. వాన తేమ అన్నారు అందరూ. నేనూ వాన మీదికే నెట్టాను.

బోనాల నాడు ఆడవాళ్ళు ఒక చేత్తో నెత్తిమీద బోనం పట్టుకుని, రెండో చేత్తో గేటు నెట్టుకుని లోపలికి పోయారు. పోయినవాళ్ళ అరచేతులన్నీ ఎర్రబడ్డాయి. పట్టుచీరల మీద చారలు పడ్డాయి. తిట్లకు కొదవ లేదు. నా భార్య తన అరచేయి చూసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కుచ్చు లోపల మిగిలిన నూనె రంగులో కలిసిందని నాకంటే ముందు ఆమెకే తెలిసింది. ఆమె ముఖం మాడిపోయింది.

మర్నాడు గేటంతా గీకాల్సి వచ్చింది. ఆ జిగట థిన్నర్‌కు తప్ప దేనికీ లొంగదు. వానకు ప్లాస్టిక్ షీటు కట్టుకుని గీకుతుంటే ఆమె పాతగుడ్డలు తెచ్చి, కింది ఊచలు తుడవడానికి కూర్చుంది. కూర్చోగానే దగ్గు అందుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇంటికి పోతవా పోవా? గీ వాసన నీకు పడదని తెల్వదా?"

"ఇంట్ల లేదా వాసన?"

"సీసాలన్ని తీసేస్తి గద!"

"సీసాలు తీసేస్తివి. నీ అంగిల ఉన్నది, నీ ఎంటికలల్ల ఉన్నది, నీ పెయ్యిల ఉన్నది. గదంత యాడ పెడ్తవ్? నేను యాడికి పోవాలె?"

కోపంగా అనలేదు. వాన పడుతోంది అన్నట్టు అంది, మళ్ళీ ఊచ తుడవసాగింది. ఇన్నేళ్ళు ఆ చిన్న గదిలో నా పక్కన పడుకుని ఆమె పీల్చింది నన్నే. నాకు ఏడుపొచ్చింది. గీకడం ఆపలేదు.

బ్రష్‌లు ఇప్పుడు కూడా బజ్జీల నూనెతోనే కడుగుతున్నాను, సబ్బుతో రుద్ది రుద్ది. పని బట్టలు విప్పి గ్యాలరీలోనే వేలాడదీస్తున్నాను. నా పడక కూడా అక్కడికే మార్చుకున్నాను. చాప ఆమే పరుస్తుంది. తలుపు మాత్రం వేయదు. వాసన లోపలికి పోకుండా నేనే లేచి దగ్గరికి వేస్తాను. తెల్లారి చూస్తే మళ్ళీ తీసే ఉంటుంది.