ఆగిపోయిన హాజరు

నాకు ముక్కు మీదే కోపం. ఆ కోపంలో చేసిన పనులు చాలావరకు మర్చిపోయాను. నాచారం ఫ్యాక్టరీలో ఒక మధ్యాహ్నం చేసింది మాత్రం మర్చిపోలేదు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. చిల్కానగర్‌లో అద్దెకుంటూ ఆ ఫ్యాక్టరీ డేటాబేస్ సర్వర్ చూసుకునేవాణ్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ వారం రోజూ మూడింటికి, సరిగ్గా షిఫ్టు దిగే వేళకి, గేటు దగ్గర హాజరు మిషన్ కార్డులు తీసుకోవడం మానేసేది. ఎండలో లైను రోడ్డు దాకా పోయేది. అయిదింటికి దానంతటదే సర్దుకునేది. మీ కంపూటర్ గిట్ల పండుకుంటే మేమెప్పుడు ఇల్లు జేరాలె అని లైన్లో కార్మికులు రోజూ నిలదీసేవాళ్లు. చూస్తే సర్వర్ తీరిగ్గా ఉంది. ప్రాసెసర్ ఖాళీ, డిస్కు ఖాళీ. మెమరీ పెంచాను, ఇండెక్సులు మళ్లీ కట్టాను, తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు మేనేజరు పిలిచి, ఇవాళ తేల్చకపోతే రేపట్నుంచి ఇంకొకరిని చూసుకుంటామన్నాడు. నిజంగా భయం వేసింది.

ఆ మూడింటికి, సర్వర్ ఏం చేస్తోందని చూడ్డం మానేసి, దేనికోసం ఆగిందో చూశాను. అన్ని ప్రాసెస్‌లూ ఒకే ఒక్క ఉద్యోగి రికార్డు కోసం కాచుకుని ఉన్నాయి. దాన్ని ఎవరో దిద్దడానికి తెరిచి, సేవ్ చేయకుండా అలాగే ఉంచారు. షిఫ్టు దిగే వేళ హాజరు అందరి రికార్డులూ వరసగా చూస్తుంది కాబట్టి, అది వదిలితే గాని ముందుకు నడవదు. తెరిచింది పర్సనెల్ సెక్షన్ కంప్యూటర్‌లో.

పరుగున వెళ్లాను. కొత్తగా చేరినామె ఒక్కతే కూర్చుని ఉంది, ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఎదురుగా అదే రికార్డు. ‘పనిలో ఉన్నారు’ అన్నచోట ‘మరణించారు’ అని మార్చింది గాని సేవ్ నొక్కలేదు. రోజూ భోజనమయ్యాక తెరిచి, అయిదింటికి అలాగే మూసేస్తోందట.

“జర ఆగుండ్రి సారు. రేపు నొక్కుత,” అంది.

అంతమంది ఎండలో నిలబడి ఉంటే మీకు రేపా అని అరిచాను. ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి నేనే నొక్కేశాను. కిటికీలోంచి చూస్తే లైను కదిలింది. హమ్మయ్య అనుకున్నాను.

“గది మా ఆయన పేరు సారు,” అంది, స్క్రీన్ వైపే చూస్తూ. “ఇంట్ల ఫొటోకు దండేసిన్రు. గీడనన్న పన్ల ఉన్నడనుకున్న.”

ఆయన పోయాకే ఆయన బదులు ఈ ఉద్యోగం ఇచ్చారట. దిద్దమని చేతికిచ్చిన మొదటి కాగితాల్లోనే ఆయనదీ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె నా వైపు తిరిగి అడిగింది.

“ఒక్క రోజుకు ఎనుకకు తియ్యొస్తదా సారు?”

తియ్యొచ్చు. రెండు నిమిషాల పని. తీస్తే ఆమె రేపు మళ్లీ తెరుస్తుంది, గేటు మళ్లీ ఆగుతుంది, నా ఉద్యోగం పోతుంది.

రాదమ్మా, అన్నాను.