హిమాలయాల నూలు

రాజపాళయం నుంచి తళవాయిపురం పోయే టౌన్ బస్సులో ఆ మిల్లు పనామెను ఒక్కసారే చూశాను. పేరు కూడా తెలియదు. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా వీధంతా ఎరుగును గనక, ఇది మాత్రం నిజమని ముందే చెబుతున్నాను.

కాషాయం కట్టిన ఒకాయన పసుపు దారాలు అమ్ముతూ వచ్చి, జ్వరంతో కాగిపోతున్న బిడ్డను ఒడిలో పెట్టుకున్న ఒక పడుచు తల్లి దగ్గర ఆగాడు.

“హిమాలయాల్లో సాములు మంత్రం చెప్తా వడికిన కయిరమ్మా ఈ దారం. బిడ్డకి కట్టు, ఆస్పత్రే అక్కర్లే.”

“సాయంత్రానికి జరం దిగుతుందా సామీ?” అంటూ ఆ పిల్ల, ఆస్పత్రికని కొంగున ముడేసుకున్న నోట్లు విప్పింది. అబద్ధం అంత నున్నగా చెప్పేవాడంటే నాకూ గౌరవమే. నోరు మూసుకుని వింటున్నాను.

మిల్లులో షిఫ్టు ముగించి వస్తున్న నడివయసామె ఒకతె పక్క సీటు నుంచి ఆ దారం అందుకుంది. కొసన పురి విప్పి వేళ్ల మధ్య నలిపి చూసింది.

“ఇది పుండుకి కట్టే గుడ్డకి పోయే నూలు సామీ. మా మిల్లుదే. ఇరవై ఏండ్లుగా పట్టిన నూలు నాకు తెలీదా?”

“మంత్రం కంటికి అగుపడదమ్మా.”

“నేనెక్కడ మంత్రం చెప్పినాను? పోగు తెగినప్పుడంతా మేస్త్రీని తిట్టినాను. ఆ తిట్లే ఉంటాయి దీంట్లో.”

బస్సంతా గొల్లున నవ్వింది. దారాలాయన తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు.

“దుడ్డు లోపల పెట్టు పాపా, ఆస్పత్రి వస్తా ఉండాది” అందామె.

పడుచు తల్లి బిడ్డను భుజాన వేసుకుని దిగింది. ఆస్పత్రి గేటు దాటి లోపలికి పోయేదాకా కండక్టర్ విజిల్ వేయలేదు. ఆలస్యమైందని ఒక్కరూ గొణగలేదు.