చూపించడానికి ఒక ఇల్లు

మా గల్లీలో సుమయ్యాను డిజైనరమ్మ అంటారు. ముప్ఫై మూడేళ్ల మనిషి. తండ్రి హమీద్ మానుకోటలో పేరున్న వడ్రంగి, చేతులు వణకడం మొదలయ్యాక రంపం పట్టడం మానేశాడు. హనుమకొండలో ఇంటీరియర్ డిజైన్ చదివి, అక్కడే ఒక ఆఫీసులో కుదిరిన సుమయ్యా, తల్లి మున్నవర్ బేగానికి పక్షవాతం వచ్చాక ఇంటికి తిరిగొచ్చింది. మూడేళ్లు తల్లిని చూసుకుంటూనే దొరికిన పనులు చేసింది. జనగామలో ఒక వంటిల్లు, భూపాలపల్లిలో ఒక హాలు, ఇక్కడ ఊళ్లో రెండు పడకగదులు. పూర్తి ఇల్లు ఒక్కటీ లేదు.

రంజాన్‌కు ముందు మున్నవర్ బేగం పోయింది. సుమయ్యా ఏడవడం నేను చూడలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడే సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. చిన్నప్పుడు బళ్లో ఆమెకు తెలుగు చెప్పినవాణ్ని. "ఎట్లున్నవ్ బిడ్డా" అంటే "మంచిగున్న సార్" అంది. గుమ్మం కొలత చెప్పినట్టే ఉంది ఆ మాట.

అప్పుడే మధుకర్ సంగతి తెలిసింది. బట్టల హోల్‌సేల్ వ్యాపారి. స్టేషన్ అవతల రెండంతస్తుల ఇల్లు కట్టించి, లోపలి పనంతా ఒకరికే ఇస్తానంటున్నాడు. అది దొరికితే సుమయ్యా ఇక్కడే నిలదొక్కుకుంటుంది. దొరక్కపోతే హనుమకొండ ఆఫీసుకు తిరిగి పోవాలి. ఆఫీసువాళ్లు నెలాఖరు దాకా చూస్తామన్నారు. హమీద్‌కు వండిపెట్టే మనిషి ఇంకొకరు లేరు.

"నువ్వు చేసిన ఐదు పనులు ఫోటోల చూపియ్యమ్మా," అన్నాడట మధుకర్. "నోటితోని చెప్పుడైతే నా దుకాణంల ఉన్నయన్ని కంచి పట్టుచీరెలే."

ఆ ఫోటోల పుస్తకాన్ని పోర్ట్‌ఫోలియో అంటారని సుమయ్యా చెప్పింది. "చేసిన పనే మన తరఫున మాట్లాడాలె సార్. మనం పక్కకు కూసోవాలె."

ఆమెకు పనులున్నాయి గాని ఫోటోలు లేవు. పని ముగిసిన రోజున తీసుకోవలసింది. తల్లికి మందుల వేళ దాటుతుందని ఆ రోజుల్లో పని అవగానే రైలుకో బస్సుకో పరుగెత్తేది.

మొదట జనగామ వెళ్లింది. వంటిల్లు చేయించుకున్న మనోరమ చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది.

"తీస్కో, నాకేంది. గని ఎవ్వలకు చూపియ్యకు."

"చూపియ్యనీకే గదక్కా తీసుడు."

"గట్లైతే వద్దు. మా ఆడపడుచు ఒక్కపారి చూసి, అబ్బ ఎంత మంచిగున్నదే అన్నది. తెల్లారే మిక్సీ కాలిపోయింది."

అలమరల తలుపులకు కంపెనీ నుంచి అంటుకుని వచ్చిన పలుచని ప్లాస్టిక్ పొర ఏడాదిన్నర గడిచినా అలాగే ఉంది, మూలల్లో లేచి, నూనె పట్టి. తీస్తే గీతలు పడతాయట. సుమయ్యా వెతికి వెతికి ఎంచిన ఆకుపచ్చ రంగును ఆ ఇంట్లో ఇంకా ఎవరూ చూడలేదు.

భూపాలపల్లిలో భిక్షపతి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. కాకపోతే సోఫా మీది కవర్లు తీయనివ్వలేదు, టీవీ పైన దిష్టికి వేలాడదీసిన రాక్షసుడి మొహం తీయనివ్వలేదు. "మా ఇల్లని తెల్వాలె గద," అని కోడళ్లతో, మనవలతో కలిపి తొమ్మిదిమందిని వరసగా నిలబెట్టాడు. సుమయ్యా చేసిన పని వాళ్ల వెనకాల ఎక్కడో ఉంది. ఊళ్లో పడకగదులవాళ్లు అసలు గడప దాటనివ్వలేదు. పడకగదిని పదిమందికి చూపుకుంటారా అన్నారు. అదీ నిజమే.

ఇక ఎవరినీ అడగక్కర్లేని ఇల్లు ఒకటే మిగిలింది.

తల్లి గదిని సుమయ్యా తన చేతులతో చేసింది. మంచం మీది నుంచి చేయి చాపితే అందే ఎత్తులో అర, పడుకునే వేసుకోగల స్విచ్చులు. గల్లీ కనబడేలా కిటికీని కిందికి దింపించింది. దారిన పోతుంటే మున్నవర్ బేగం పడుకునే ఎడమ చేయెత్తి మాకు సలాం చెప్పేది. మంచం నుంచి బాత్రూం దాకా గోడకు పట్టుకుని నడిచే టేకు కర్ర ఉండేది. అది హమీద్ చివరిసారి చేసిన పని. భార్య పోయాక అతను ఆ మంచం మీదే పడుకుంటున్నాడు.

"అబ్బా, నాలుగు రోజులు హాల్ల పడుకో," అంది సుమయ్యా తండ్రితో. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ, నాకు తెలిసిన తెలుగులో రాస్తున్నాను.

"ఎందుకు బేటా?"

"గదికి ఫోటోలు తియ్యాలె. గోడకున్న కర్ర గూడ తీసేస్త."

"నువ్వు తీస్తే గోడ పెచ్చులూడుతది. ఇటియ్యి."

స్క్రూడ్రైవర్ గాడిలో నిలవడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు. తర్వాత బెజ్జాలకు పుట్టీ పెట్టి, పైన రంగు వేసింది. మందుల డబ్బా, జపం చేసుకునే తస్బీ మాల, మరుగుదొడ్డి కుర్చీ, పాత దుప్పట్లు మూటగట్టి సజ్జ మీద పెట్టింది. తెల్ల దుప్పటి పరిచి, పొద్దుటి వెలుగు కిటికీలోంచి పడే వేళ చూసి పదకొండు ఫోటోలు తీసింది.

మధుకర్ తల్లికి తెలుగు చదవడమే వచ్చునని ఫోటోల కింద నాలుగు మాటలు రాసిపెట్టమని నా దగ్గరకు తెచ్చింది. ఐదు పనులూ లెక్కకు వచ్చాయి: సుమయ్యా తన ఇంట్లోనే చేసుకున్న హాలు, వంటిల్లు, తల్లి గది, భిక్షపతి ఇంట్లో మనుషులను కత్తిరించగా మిగిలిన మూల, ఐదోది మధుకర్ ఇంటికే వేసిన బొమ్మ.

"గదికి ఏం రాయాలె?" అన్నాను.

"గెస్ట్ రూం అని రాయండి సార్."

"అమ్మ గది అంటే?"

"అంటే రోగం వాసనొస్తది. చూసేటోళ్లకు వాసన రావొద్దు."

మొహంలో మార్పేమీ లేదు. నేను 'అతిథుల గది' అని రాసిచ్చాను.

మధుకర్ దుకాణంలో పేజీలు తిప్పుతూ ఆ గది దగ్గర ఆగాడట. "గిది ఎవలిల్లు?"

"మాదే."

"అయితే వచ్చి చూస్త."

"ఫోటోలు అడిగింది మీరే గద."

"ఫోటో చూసి రానీకి. వచ్చి చూసి పనియ్యనీకి. బట్టైనా గంతే, పట్టుకుంటెనే తెలుస్తది."

ఆదివారం తల్లిని, భార్యను, తమ్ముణ్ని, మరదలిని వెంటబెట్టుకుని వచ్చాడు. తమ్ముడు ఫోన్‌లో దిక్కులు చూసి ఈశాన్యం ఎటో తేల్చాడు. మరదలు ప్రతి సొరుగూ లాగి మూసింది.

"ఈ అర గింత కిందికి ఎందుకు పెట్టినవ్?" అంది భార్య.

"పండుకుని పుస్తకం అందుకోనీకి."

"స్విచ్చులు?"

"గవి గూడ అందుకే."

పని ఆమెకే ఇచ్చారు. అతిథుల గది మాత్రం అచ్చం ఇలాగే ఉండాలన్నారు. పోతూ పోతూ మధుకర్, "మా బావమరిదిని గూడ తోల్కొస్త, ఇల్లు జర గిట్లనే ఉంచు," అన్నాడు.

అలా మొదలైంది. తమ ఇల్లు పరాయి కళ్లకు చూపేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. అందుకని కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లంతా ఈ ఇంటికే వస్తున్నారు. రెండు నెలల్లో పద్నాలుగు కుటుంబాలు వచ్చిపోయాయి. మూడు పనులు కుదిరాయి. హనుమకొండకు పోయే మాట మళ్లీ రాలేదు. నాలుగు రోజులన్న హమీద్ పక్క ఇంకా హాల్లోనే ఉంది. తెల్లారగానే చుట్టి తలుపు వెనక నిలబెడతాడు.

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చిన హమీద్‌కు ఒళ్లు వెచ్చబడింది. నేను అక్కడే ఉన్నాను.

"బేటా, ఆ మంచం మీద జరసేపు ఒరుగుత."

"నాలుగింటికి నర్మెట్ట నుంచి వస్తున్నరు అబ్బా. దుప్పటి నలుగుతది."

"అచ్ఛా," అన్నాడు. కుర్చీలో కూర్చుని తల గోడకు ఆనించాడు. సుమయ్యా మాత్ర, నీళ్లు తెచ్చి ఇచ్చింది. మాత్ర మింగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్లింది.

నర్మెట్టవాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. సుమయ్యా లోపల లైట్లు వేస్తోంది. వచ్చినావిడ ఆ గది గుమ్మంలో ఆగి, తెల్లటి దుప్పటి చూసి, లోపలికి పోవచ్చో లేదో తేలక హమీద్ వైపు తిరిగింది.

"గీ అర్రల ఎవలుంటరే తాతా?"

"ఎవ్వలుండరమ్మా," అన్నాడు హమీద్. "లోపలికి పోయి చూడుండ్రి."